జేబు రేడియో ప్రకటనలు: ఒక విమర్శ

ఈ నడుమ మేము కొన్ని సాయంకాలములను ఒక విచిత్రమైన వ్యాసంగములో గడపితిమి. అమెరికా, జపాను మొదలగు దేశములలో 1950, 1960 దశకములయందు టెలివిజనుపై ప్రసారమైన జేబు రేడియోల ప్రకటనచిత్రములు కొన్ని నేడు కంప్యూటరు తెరపై ఎవరికైనను చూడ వీలగుచున్నవి. ఒక్కొక్కటి నిమిషమునకు మించదు. నలుపు తెలుపు బొమ్మలు, చెరిగిన గీతలు, వెనుకనుండి ఉత్సాహముతో పలుకు ఒక పురుషకంఠము. మా యింటి పిన్నవాండ్రు మమ్ము చూచి నవ్విరి. మొదట మేమును వినోదమునకే చూచితిమి. పదింటిని చూచిన పిమ్మట నవ్వు తగ్గినది. మఱికొన్నింటిని చూచిన పిమ్మట వీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయక తప్పదని తోచినది.

సాహిత్యపత్రికలో అంగడి ప్రకటనల విమర్శ యేల యని కొందఱు చదువరు లడుగవచ్చును. కావ్యము చదువువారు వేలలో నుందురు. ప్రకటన కంటబడనివాడు లేడు. ప్రకటనకును వస్తువున్నది, నాయకుడున్నాడు, నాయికయున్నది, తుదకు ఫలశ్రుతియు నున్నది. పద్యములో యతి తప్పినచో కన్నెఱ్ఱ చేయు మన పండితులు, తమ యింటి గోడపై క్యాలెండరు రూపమున ఏడాది పొడుగున వ్రేలాడు వాక్యములో ఏమి తప్పినదో చూడరు. ఆ వాక్యమునే ఇంటిలోని పిల్లలు దినమునకు పదిమారులు చదువుచున్నారు.

టెలివిజను రేడియోను పొగడుట మొదట మాకు వింతగా దోచినది. తమ్ముడు వచ్చి అన్నగారి భాగమును లాగుకొనిన పిదప, ఆ యన్నగారినే వీధిలో నిలిచి కీర్తించినట్లున్నది. కాని వ్యవహారమును లోతుగా చూచినచో వింత లేదు. అమెరికాలో చట్టబద్ధమైన మొదటి టెలివిజను ప్రకటన 1941 జూలై 1వ తేదీన న్యూయార్కులో ఒక బేస్‌బాల్ ఆటకు ముందు బులోవా గడియారముల సంస్థ చేయించినది. యుద్ధము ముగిసిన పిమ్మట పది పండ్రెండేండ్లలో టెలివిజను ఆ దేశపు ఇండ్లలో నడిమి గదిని ఆక్రమించెను. అంతవరకు ఆ గదిలో పెద్దపీట రేడియోది. పీట పోయిన రేడియో చిన్నదియై, చేతిలోనికి వచ్చి, వీధిలోనికి వెడలెను. తన్ను వెడలగొట్టిన టెలివిజను ద్వారముననే "నేనిక మీతో బయటకు వత్తును" అని అది చాటించుకొనెను. ఆ ప్రకటనచిత్రముల తాత్పర్యమంతయు ఈ వాక్యములోనే యున్నది.

చేతబట్టుకొని పోదగిన రేడియోలు అంతకు పూర్వము లేకపోలేదు. అవి గాజుబుడ్ల రేడియోలు. బరువైన బ్యాటరీలతో చిన్న ప్రయాణపు పెట్టెవలె నుండి, మోసికొనిపోవువాని భుజమును పరీక్షించునట్టివి. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు ట్రాన్సిస్టరును కనుగొనిరి. వారితోపాటు షాక్లీకి కూడ 1956లో నోబెల్ బహుమానము వచ్చెను. గాజుబుడ్డి చేయు పనిని వేడి లేకుండ, కొద్దిపాటి విద్యుత్తుతో చేయగల చిన్న గింజ యిది. 1954 నవంబరులో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అను రేడియో అంగడికి వచ్చినది. అయిదంగుళముల పొడవు, మూడంగుళముల వెడల్పు, నాలుగు ట్రాన్సిస్టరులు. వెల 49 డాలర్ల 95 సెంట్లు. ఆనాటి మారకపు లెక్కన మన రూపాయలలో సుమారు 238. ఆ సొమ్ముతో ఆ కాలమున మన గుమాస్తా ఒకడు ఎన్ని నెలలు సంసారము నడుపునో చదువరులే లెక్కించుకొందురు గాక.

ఇట్టి వస్తువును తెరపై చూపుటలో ఆ ప్రకటనకర్తల నేర్పును మేము కాదనము. పరిమాణమును మాటలతో చెప్పిన ప్రయోజనము లేదు. అందుచేత వారు తరచుగా ఒక చేతిని చూపిరి. ఆ చేయి మూసికొనును, తెఱచుకొనును, అఱచేతిలో రేడియో ఉండును. ఉపమానము అవసరము లేని యలంకారమిది. మన యలంకారికులు చూచియున్నచో స్వభావోక్తి యని మెచ్చుకొనియుందురు. మఱికొన్నింటిలో సముద్రతీరము, ఉద్యానము, పడవ, కారు. ఎక్కడ చూచినను పడుచువాండ్రు, ఎక్కడ చూచినను నవ్వు. వృద్ధులు మేము చూచినవానిలో దాదాపుగా లేరు. వినికిడి తగ్గిన వృద్ధుని చెవికి దగ్గఱగా పెట్టుకొన వీలగు రేడియో ఎంత యుపకారియో ఏ ప్రకటనకర్తకును తట్టలేదు కాబోలు!

ఇక నాయిక సంగతి. ఆమె యన్ని చిత్రములలోను ఉన్నది. రేడియో మ్రోగగానే ఆమె పాదము కదలును, ఆమె తల యూగును, ఆమె పండ్లు మెఱయును. కాని చదువరులు ఒక్క సంగతి గమనింపవలయును. మేము చూచిన చిత్రములలో పెక్కింట మీటను త్రిప్పు చేయి పురుషునిది. ఆమె వినును, అతడు వినిపించును. ఆమె చేతిసంచిలోనుండి రేడియో వెలికి వచ్చిన చిత్రములు లేకపోలేదు. అందును రేడియో కంటె సంచి రంగునకు అది నప్పినదా లేదా యన్నదే మాట. ఏమి వినవలెనన్న యెన్నిక ఆమెదిగా చూపినది మాకు అరుదుగా కనబడినది. ఈ చిన్న సంగతిని పట్టుకొనియే మా విమర్శ యంతయు సాగుచున్నది.

తరువాత సోనీ యను పేర లోకప్రసిద్ధమైన జపాను సంస్థ 1957లో టీఆర్-63 అను రేడియోను చేసెను. దానిని జేబులో పట్టు రేడియోగా అమ్మదలచిరి. చిక్కేమనగా అది సాధారణమైన చొక్కాజేబుకంటె రవంత పెద్దది. అప్పుడు తమ సంస్థ తన అమ్మకపుటుద్యోగులకు కొంచెము పెద్ద జేబులుగల చొక్కాలు కుట్టించెనని దాని స్థాపకులలో నొకడగు అకియో మోరితా 1986లో వెలువడిన తన ఆత్మకథలో దాచక చెప్పినాడు. వస్తువు జేబునకు సరిపోకున్నచో జేబునే వస్తువునకు సరిపుచ్చిరన్నమాట! ప్రకటనకళ యనగా నేమో తెలిసికొనగోరువారికి ఈ యొక్క కథ చాలును. మఱుసటేడు, 1958 జనవరిలో, న్యూయార్కులోని ఒక గిడ్డంగినుండి ఆ సంస్థ రేడియోలు 4000 దొంగలెత్తుకొనిపోయిరి. తక్కిన సరకును విడిచి వీనినే యెత్తుకొనిరని వార్తాపత్రికలు వ్రాసెను. డబ్బిచ్చి చేయించిన ప్రకటనలలో ఏదియు ఈ దొంగతనమంతటి కీర్తి తెచ్చియుండదు.

జేబు కథను మఱల తలచుకొందము. చొక్కాకు జేబున్నది. కోటుకు జేబున్నది. మన చీరకు జేబేది? తెలుగు స్త్రీ తాళపుచెవులను మొలలో దోపుకొనును. చిల్లరను కొంగున ముడివేయును, లేదా రొంటిన చిన్నసంచిలో దాచును. ఆ కొంగుముడిలో రేడియో పట్టునా? సోనీవారు ఉద్యోగుల చొక్కాలను మార్చిరి కాని, ఏ దేశమునందును ఏ రేడియో వ్యాపారియు జేబులేని ఆడుదాని కొఱకు రేడియోను ఎట్లు మార్చవలెనని యోచించినట్లు మాకు తెలియదు. "ఇది మీ సొంతము" అని ప్రకటన ఘోషించినప్పుడు ఆ "మీ" యన్నది మొదటినుండియు జేబుగలవారినే యుద్దేశించినది.

ఇట్టి ప్రకటనలు మన దేశమున టెలివిజనుపై వెంటనే రాలేదు. రాదగిన తెరయే లేదు. ఢిల్లీలో టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ప్రయోగముగా మొదలైనది. దానిపై వ్యాపారప్రకటనలు 1976 జనవరి 1వ తేదీన గాని రాలేదు. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో నెలకొనెను. విజయనగరమువంటి ఊళ్లకు తెర చేరుసరికి 1980 దశకము నడచుచుండెను. అప్పటికి చేతి రేడియో మనకు పాతకాపు. కావున మన రేడియో ప్రకటనలు వారపత్రికల యట్టలపైనను, అంగళ్ల ముందరి రేకుపలకలమీదను, సినిమాహాలులో ఆటకు ముందు చూపు గాజుపలకలమీదను ఉండెను. 1967 నవంబరులో వివిధభారతి బొంబాయి, నాగపూరు, పూనాలనుండి వ్యాపారప్రకటనలు మొదలుపెట్టిన పిమ్మట రేడియోలోనే వ్యాపారుల గొంతులు వినవచ్చెను.

మర్ఫీ, బుష్, ఫిలిప్స్, నేషనల్ ఎకో. ఈ పేరులు ఆ కాలపు గృహస్థులకు చుట్టముల పేరులవంటివి. వీనిలో మర్ఫీవారి పసిపాప బొమ్మను మేము ప్రత్యేకముగా మెచ్చుకొనుచున్నాము. పెదవిపై చిన్నివ్రేలు పెట్టుకొని, కన్నులు విప్పార్చి చూచు ఆ బిడ్డను ఎఱుగని ఇల్లు లేదు. రేడియో లేనివారుకూడ ఆ బొమ్మను గోడకు తగిలించుకొనిరి. దీని గొప్పతన మెక్కడ నున్నది? ఆ బొమ్మలో జేబు లేదు, సముద్రతీరము లేదు, ఎవరి చేయియు లేదు. వినుట యను పని మాత్రమున్నది. "హుష్, ఏదో వినబడుచున్నది" అని ఆ బిడ్డ యనుచున్నట్లుండును. ఇతర ప్రకటనలు మోసికొనిపోవుటను అమ్మినవి, ఇది వినుటను అమ్మినది. మోసికొనిపోవుట ఎవరో ఒకరికే సాధ్యము. వినుట ఇంటిల్లిపాదికిని సాధ్యము. ఈ భేదమును మర్ఫీవారు తెలిసి చేసిరో తెలియక చేసిరో మేము విచారింపము. తెలుగిండ్ల గోడలు మాత్రము దానిని గుర్తించినవి.

ఇప్పుడు విజయనగరమునకు వత్తము. మద్రాసు కేంద్రము 1938లో మొదలై తెలుగు వినిపించుచుండెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన, విశాఖపట్టణ కేంద్రము 1963లో వచ్చెను. ఆ దినములలో మన పట్టణమున రేడియోగల ఇండ్లను వీథికొకటి రెండు చొప్పున లెక్కింపవచ్చును. నడవలో ఎత్తయిన బల్లమీద కుట్టుపని గుడ్డ కప్పుకొని పెద్ద రేడియో కూర్చుండును. మేడమీదినుండి ఏరియలు తీగ సాగియుండును. తపాలా కచ్చేరీలో ఏటేట రుసుము కట్టి లైసెన్సు పొందవలెను. ఆ లైసెన్సు మా యెఱుకలోని ఇండ్లలో యజమాని పేరుననే యుండెడిది. మీటలను పిల్లలు ముట్టరాదు, స్త్రీలు ముట్టనక్కఱలేదు. ఆంగ్లవార్తలు, తెలుగువార్తలు, రాత్రి కచేరీ. ఇది యజమానుని కార్యక్రమము.

అయితే ఆ బరువైన పెట్టెకొక సుగుణముండెను. అది కదలదు. ఉదయము పది గంటలకు యజమానుడు కచ్చేరీకో, కళాశాలకో, కోర్టుకో వెడలిపోవును. పెట్టె యింటనే యుండును. ఆకాశవాణివారు స్త్రీల కార్యక్రమములను మధ్యాహ్నము పెట్టిరి. వంటిల్లు సర్దుకొని, చేతులు తుడుచుకొని, నడవలోనికి వచ్చి, భయముభయముగా మీటను త్రిప్పి, ఇరుగుపొరుగులను గూడ పిలిచికొని వినిన యిల్లాండ్రను మేమెఱుగుదుము. శిశుపోషణ, ఒక కథ, ఒక నాటిక, రెండు పాటలు. అరగంట. యజమానుడు వచ్చులోపల ముల్లును మొదటిచోటనే నిలుపుట మఱవరాదు! ఈ దొంగచాటు విద్యాలయములలో ఎందఱు స్త్రీలు లోకమును తెలిసికొనిరో ఏ లెక్కలలోను లేదు.

చేతి రేడియో వచ్చి మొదట చేసినపని ఈ విద్యాలయమును మూసివేయుట. ఇది కటువైన మాటయని మాకు తెలియును. ట్రాన్సిస్టరు వలన పేదయింటికిని రేడియో వచ్చినదనియు, విద్యుత్తు లేని పల్లెలో పాట వినబడినదనియు, అది లేనిచో వేలకొలది గ్రామములు మూగగా నుండెడివనియు చదువరులు మాతో వాదింపవచ్చును. నిజమే. కాని పేదయింటికి వచ్చిన రేడియో ఆ యింట నెక్కడ నుండెను? గంటస్తంభము దగ్గఱ, మూడులాంతర్లకడ, తేనీటి బడ్డీల ముందఱ, క్రికెట్ ఆట జరుగు దినములలో చెవికి రేడియో ఆనించి నిలిచినవారిని చూచినవారికి సమాధానము తెలియును. తోలుసంచిలో నిమిడి, భుజమున వ్రేలాడుచు, అది యజమానునితోపాటు వెడలిపోయెను. నెల్లిమర్ల జనపనార మిల్లు కార్మికుని యిల్లాలు ఒకతె, వృద్ధురాలు, తన పడుచునాటి సంగతి మాతో చెప్పినది: "రేడియో మా ఇంట్లో ఉందమ్మా, ఉంది. ఆరెల్తే పెట్టె కూడా ఎల్లిపోద్ది. రేతిరి ఆరొచ్చీసరికి నాకు నిద్రొచ్చేసీది." మిల్లులో పూటల పని చేయు ఆ మగవానిని మేము నిందింపము. ఆతనికున్న ముచ్చట అదియొక్కటే కావచ్చును. కాని ఆమె మాటలో, మేము కంప్యూటరు తెరపై చూచిన ఆ "మీతో బయటకు వత్తును" అను ప్రకటనకు పూర్తి వ్యాఖ్యానమున్నది. బయటకు పోవువారికి తోడు దొరకినది. ఇంట నుండువారికి ఉన్న తోడు పోయినది.

పంచాయతీ రేడియోలు లేవా యనిన, ఉండెను. రచ్చబండకడ పొడుగాటి గొట్టమునుండి పంటల సంగతులు వినవచ్చెడివి. అక్కడకు స్త్రీలు వచ్చి కూర్చుండుట ఏ యూరి మర్యాద?

ఇంతకంటె గట్టి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. ఇది కన్యాశుల్క నాటకము పుట్టిన యూరు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణ మండలమున ఆడపిల్లలను వెలకిచ్చి చేసిన పెండ్లిండ్ల లెక్క తీయించగా మూడేండ్లలో 1034 అని తేలినట్లు గురజాడ అప్పారావుగారు తమ పీఠికలో వ్రాసిరి. 1892లో ఆ నాటకమును ఇక్కడనే ఆడిరి. 1897లో అచ్చువేసిరి. కన్యకు వెల కట్టుట తగ్గినది. ఆ తరువాత వరునకు వెల కట్టుట పెరిగినది. 1960, 1970 దశకములలో ఆ వెలలో ఒక భాగము పేరేమి? చేతిగడియారము, సైకిలు, ట్రాన్సిస్టరు. ఈ మూడింటిని కలిపి ఒకే యూపిరిలో చెప్పెడివారు. అల్లుడు అలిగి అన్నమునొద్ద కూర్చుండక పోవుటకు ట్రాన్సిస్టరు రాకపోవుటయే చాలినంత హేతువు. మా బంధువర్గములోనే ఒక వివాహమున, పీటలమీదికి వచ్చిన పిమ్మట రేడియో ఒక బ్యాండుదా రెండు బ్యాండులదా యను చర్చ వచ్చి, ముహూర్తము దాటిపోవుచుండగా పెండ్లికూతురి మేనమామ తన చేతిలోని రేడియోనే ఇచ్చివేసెను. పెండ్లికూతురు తలవంచుకొని యుండెను. ఆ రేడియో తన పుట్టింటివారి సొమ్ముతో వచ్చినదేయైనను, దాని మీటను ఆమె ఎన్నేండ్లకు ముట్టెనో మే మడుగలేదు.

ఆ కాలపు పత్రికలలోని ప్రకటనలను ఈ కంటితో తిరిగి చదువుడు. "పెండ్లికానుకగా నిచ్చుటకు మిక్కిలి తగినది" అనునట్టి వాక్యము రేడియోలకును, గడియారములకును మేము పలుమారులు చూచితిమి. కానుక యను మాట ఎంత మెత్తనిది! 1961లో వరకట్న నిషేధశాసనము వచ్చినప్పుడు, వివాహసమయమున ఇచ్చు సొమ్ము, నగలు, వస్త్రములు, ఇతరవస్తువులు వివాహమునకు ప్రతిఫలముగా నిచ్చినవని తేలిననేగాని కట్నము కాబోవని ఒక వివరణము అందులో నుండెను. 1984లో గాని దానిని తొలగింపలేదు. శాసనములోని ఆ సందు, ప్రకటనలోని ఆ మాట ఒకే కొలతకు కుట్టినట్లున్నవి. సోనీవారు జేబును పెంచినట్లు, మనవారు కానుక యను మాటను పెంచిరి. అందులో రేడియోయు పట్టెను, సైకిలును పట్టెను. తరువాత స్కూటరును పట్టినది. ప్రకటన వ్రాసిన గుమాస్తా దురుద్దేశముతో వ్రాసెనని మే మనుటలేదు. ఎవరు కొనుచున్నారో ఆతడు కనిపెట్టెను. కొనువాడు ఆడపిల్ల తండ్రి. ఆ సంగతి తెలిసియు బొమ్మలో మాత్రము నవ్వుచున్న యువకుని నిలిపెను. చెల్లించువాని మొగము బొమ్మలో లేదు.

దీనిలోని వైపరీత్యము మన పట్టణమువారికి మఱింత స్పష్టముగా తెలియవలసినది. ఆ జేబులలోనుండి, ఆ భుజములమీదినుండి మ్రోగిన గొంతులలో ఎన్ని స్త్రీలవి! పి. సుశీలగారు 1935లో ఈ విజయనగరముననే పుట్టి, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో సంగీతము నేర్చిరి. 1919లో నెలకొని, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులుగా నుండిన కళాశాల యది. ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనము మ్రోగినచోటు, ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదివినచోటు నదియే. సుశీలగారు మద్రాసు ఆకాశవాణిలో పాడిన పిమ్మట, పెండ్యాల నాగేశ్వరరావుగారు ఆమె నెన్నికచేసి చిత్రములలో పాడించిరి. రేడియో ఆమె గొంతును లోకమునకు చూపినది. 1960లలో తెలుగుదేశమున ట్రాన్సిస్టరు చేతబట్టి నడచు ప్రతి పడుచువాడును ఆమె పాటను వెంటబెట్టుకొని పోయెను. పాడునది విజయనగరపు ఆడుబిడ్డ, వినిపించునది మగవాని జేబు. ఆ పాట వినవలెనని విజయనగరములోనే ఒక యిల్లాలికి మనసైనచో, కిటికీకడ నిలిచి, వీథిలో రేడియో పట్టుకొని పోవువాడు మలుపు తిరుగులోపల వినగలిగినంత వినవలెను. పల్లవి చేజిక్కినచో చరణము మలుపు దాటిపోవును. ఇట్లు ముక్కలు ముక్కలుగా విని, తరువాత చెల్లెండ్రను అడిగి పూరించుకొని, పూర్తిపాటను నేర్చుకొనినవారున్నారు.

ఈ కిటికీని ఏ ప్రకటనచిత్రమును చూపలేదు. అమెరికావాని తప్పిదము అర్థము చేసికొనదగినది. అక్కడి స్త్రీకి తన గదిలో వేఱొక రేడియో ఉండియుండును. మన ప్రకటనకర్తలకు ఆ సాకు లేదు. వారు ఆ విదేశపు బొమ్మను తెచ్చి, నాయికకు చీర కట్టి, బొట్టు పెట్టి, అదే సముద్రతీరమున నిలిపిరి. విశాఖపట్టణపు తీరమున ఇసుకలో ఒంటరిగా కూర్చుండి రేడియో వినిన మధ్యతరగతి యువతిని 1965లో ఎవరైన చూచిరా? మా కడ్డుచెప్పువారు, ప్రకటన యనగా ఉన్నదానిని చూపుట కాదు, కోరదగినదానిని చూపుట యందురు. మంచిది. ఆ మాటకు మే మంగీకరింతుము. అట్లయినచో కోరదగినదానినే సరిగా చూపవలసినది. పిండి యంటిన చేతి వెనుకభాగముతో మీటను నెట్టు ఇల్లాలిని చూపవలసినది. "ఈ స్టేషనే ఉండనిండు" అని భర్తతో చెప్పు భార్యను చూపవలసినది. అదియు కలయే; సముద్రతీరముకంటె చవుకైన కల, ఎక్కువ రేడియోలను అమ్మియుండెడి కలయుకూడ.

1982లో రంగుల ప్రసారములు వచ్చిన పిమ్మట దూరదర్శనమున మనకును రేడియోల ప్రకటనలు తెరపై కనబడెను. అప్పటికి రేడియో ఒక్కటియే పోవుట లేదు. క్యాసెట్టు పెట్టు యంత్రముతో జతకూడి "టూ-ఇన్-వన్" అయినది. ఇవియు యువకుల బొమ్మలే, ఇంకను బిగ్గరగా. వీనిని గూర్చి మేము వేఱుగ విమర్శింపము. సంగీతము పెరిగినది, భావము పెరుగలేదు. ఆ దశకము నడుమనే రేడియో లైసెన్సు రద్దయి, తపాలా కచ్చేరీలో వరుసలో నిలుచుపని తప్పినది. యజమానుని పేరుగల ఆ లైసెన్సు కాగితములు అటకలమీది పాతపెట్టెలలోనికి పోయెను.

ఆ కాలముననే మఱియొక మార్పు, ఏ ప్రకటనయు లేకుండ, మా యిండ్లలో జరిగినది. యజమానునికి టెలివిజను వచ్చెను, కుమారునికి టూ-ఇన్-వన్ వచ్చెను. తోలుసంచి చిరిగి, భుజపుపట్టెడ తెగి, ముల్లు నిలువనొల్లని పాత ట్రాన్సిస్టరు ఎవరికిని అక్కఱలేనిదై వంటింటిలోనికి వచ్చెను. బ్యాటరీ మూత పోయినచో రబ్బరు ముక్కతో బిగించిరి. ఏరియలు విఱిగినచో రాగితీగ చుట్టిరి. చింతపండు జాడికిని ఉప్పుడబ్బాకును నడుమ, గోడలోని గూటిలో దానికి చోటు దొరికెను. నాలుగు గోడలకు జిడ్డు పట్టినట్లే దానికిని పట్టెను. మేము చూచిన విదేశపు చిత్రములలో మెఱయుచు చేతులు మారిన రేడియోలలో ఏదియు ఇంతకాలము, ఇంత శ్రద్ధగా వినబడియుండదు. మా పెద్దతల్లిగారింటి గూటిలోని దానికి శబ్దము పెంచుమీట ఊడిపోగా, ఆమె ఆ యినుపమొలకు పసుపుగుడ్డ ముక్క చుట్టి త్రిప్పెడిది. పెదతండ్రిగారు ఒకనాడు వార్తలకని దానిని నడవలోనికి తెమ్మనగా, పప్పు పొయ్యిమీద నున్నది, కార్యక్రమము సగములో నున్నది, అరగంట యాగవలెనని లోపలినుండియే సమాధానము చెప్పినది.